కొయ్య చిలక

"చిలకకు చెప్పారా ఆకాష్ గారూ?"

టీమ్ లీడ్ సోమేశ్వరరావు కళ్లజోడు పైకి తోసుకుంటూ అంత నిమ్మళంగా అడిగేసరికి ఆకాష్‌కు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం ఐదింటికి ఆస్పత్రి వాళ్లు వచ్చి టోకెన్ల యాప్ చూస్తారు. ఆ యాప్ ఏమో ఒకే టోకెన్‌ను ఇద్దరు రోగులకు ఇచ్చి కూర్చుంటోంది. ఎందుకో అంతు చిక్కడం లేదు. వాళ్ల ముందు కూడా అదే జరిగిందా, ఇంకా పర్మనెంట్ కాని ఆకాష్ తన ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

"టైమ్ లేదు సార్. జర మీరే వచ్చి చూడుండ్రి."

"ముందు చిలకకు చెప్పి రండి. మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే చెప్పండి. గట్టిగా చెప్పాలి, దాని చెవులు చిన్నవి. సగంలో సంగతి తెలిసిపోయినా చివరిదాకా చెప్పాలండోయ్. సగం విన్న చిలక అలుగుతుంది."

ఇదేం చోద్యమో! ఆకాష్ విసురుగా ఆయన గదిలోంచి బయటికొచ్చాడు. పక్క సీటులోని ప్రవళిక మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వకక్కా. నా నౌకరి పోయేటట్టుంది, ఈయనకు చిలక గావాలె."

"పో, పో. ఈ టీమ్‌ల అందరం దానికి చెప్పుకున్నోళ్లమే."

"ఆయనకేం ఫికర్? కుర్చీల కూసుంటే సరిపాయె."

"అట్లనకు. కంపెనీ కొత్త ప్రోగ్రామింగ్ భాషకు మారింది గద? రేపు పాత సీనియర్లందరికీ అండ్ల పరీక్ష. తప్పితే ఇంటికే." ప్రవళిక మళ్లీ నవ్వింది. "మన సార్‌ను నిద్రల లేపి అడిగినా చెప్తడనుకో."

కొండపల్లి నుంచి సోమేశ్వరరావే తెచ్చిన ఆకుపచ్చ కొయ్య చిలక అది. ఆయన గది ప్లైవుడ్ గోడకు బయటివైపు ఆనుకుని, కిటికీ పక్కన, చిన్న బల్ల మీద ఉంటుంది. దాని ముందొక స్టూలు. ఆకాష్ కూర్చున్నాడు. బయట మబ్బు మాదాపూర్ మీదికి దిగిపోయింది. ఎదుటి అద్దాల మేడలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. కింద కార్ల దీపాలు నీళ్లలో తేలుతున్నట్టు కదులుతున్నాయి. చిలక గుండ్రటి కన్ను అతన్నే చూస్తోంది.

సిగ్గు మింగి గొంతు విప్పాడు. "నమస్తే చిలకా. మా మూసాపేటల ఒక దవాఖాన ఉందనుకో. దానికి రెండు కిటికీలు. రెండింటికి ఒక్కటే బోర్డు. ఏ నంబర్ ఖాళీగుందో దాని మీదనే చూడాలె."

చెబుతుంటే ఆఫీసు రొద దూరమైపోయింది. కిటికీ అవతలి తెల్లటి మబ్బులో ఆ దవాఖాన నిజంగానే కనిపించసాగింది. ఒక కిటికీ దగ్గర మోకాలు పట్టుకుని వాళ్లమ్మ భాగ్యమ్మ. రెండో కిటికీ దగ్గర దగ్గుతూ పోచయ్య తాత. లోపలి మనుషులిద్దరూ ఒక్కసారే తలెత్తి బోర్డు చూశారు. ఏడు ఖాళీ. ఇద్దరూ ఒక్కసారే అన్నారు, "ఏడు మీదే". డాక్టరు తలుపు ముందు అమ్మా, తాతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"అరె!" ఆకాష్ సగం లేచాడు. "చూసుడు ఒకసారి, రాసుడు ఇంకోసారి! గా నడుమల రెండోది గూడ చూస్తున్నది!"

కాళ్లు సీటు వైపు లాగాయి. కానీ చివరిదాకా చెప్పాలన్నారాయె. నిజం చెప్పాలంటే ఆ మబ్బులోంచి రావాలని కూడా అనిపించలేదు. మళ్లీ కూర్చున్నాడు.

"అలగకు చిలకా, ఇను. ఒక కిటికీ బోర్డు ముట్టుకుందంటే రెండోది జర ఆగాలె."

అంతలోనే వాన అద్దాల మీద దబదబా కొట్టింది. ఆ హోరులోనే మిగతాది కూడా చెప్పేశాడు. మొదటిది చూసి, నంబర్ రాసి, చెయ్యి తీశాకనే రెండోది చూడాలి. మబ్బులో అమ్మకు ఏడు వచ్చింది. తాతకు ఎనిమిది. తాత గొణుక్కుంటూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. ఆకాష్‌కు నవ్వొచ్చింది. సీటుకు పరుగెత్తి యాప్‌ను అచ్చం అలాగే మార్చాడు.

ఐదింటికి ఆస్పత్రి వాళ్లు రెండు ఫోన్లు పట్టుకుని ఒక్కసారే నొక్కారు. ఒకదానికి ఏడు, ఇంకోదానికి ఎనిమిది. అనుమానం తీరక మళ్లీ మళ్లీ నొక్కి, చివరికి చెయ్యి కలిపి వెళ్లారు. ఆకాష్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయన మీద కోపగించుకున్నందుకు మనసు చివుక్కుమంది కూడా. కిందికి పరుగెత్తి వేడి వేడి మిర్చి బజ్జీలు కట్టించుకుని సోమేశ్వరరావు గదికి వెళ్లాడు.

తలుపు ఓరగా తెరిచి ఉంది. తట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

సోమేశ్వరరావు కుర్చీని ప్లైవుడ్ గోడ దగ్గరికి జరుపుకుని, కళ్లు మూసుకుని, ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా ఊగుతున్నాడు. "మా మూసాపేటల ఒక దవాఖాన... రెండు కిటికీలు... ఒకటి బోర్డు ముట్టుకుందంటే రెండోది జర ఆగాలండి. ఆ తర్వాత? ఆ తర్వాత ఏమన్నాడబ్బా? పాడు వాన, వినిపించి చావలేదు! రేపు పరీక్షలో ఇదే అడిగితే నా గతేమిటి?"

ఆకాష్ చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చాడు. బజ్జీల పొట్లం ఒళ్లో పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"చిలకా, ఇందాక వానకు నీకు సగమే ఇనబడ్డట్టుంది. అలగకు, మళ్ల మొదటికెల్లి చెప్త," అన్నాడు, ప్లైవుడ్ గోడ అదిరిపోయేలా.