చివరి రెండు స్లాట్లు

వీరరాఘవరావు ఆఫీసు కంప్యూటర్ మొత్తం కొట్టేయాలని ఎప్పుడూ అనుకోలేదు. అందులోని సగం మెమరీ చాలనుకున్నాడు. ఆశకు హద్దుండాలన్నది ఆయన నియమం.

అది 2001. కొడుకు శ్రీవత్స గేములాడే కంప్యూటర్ కావాలని ప్రాణం తీస్తున్నాడు. 'మా ఇంటికి పెంటియం ఫోర్ వస్తోంది' అని సంతోష్‌నగర్‌లో వాళ్ల వీధంతా చాటేశాడు కూడా. తండ్రి కంప్యూటర్ పత్రికలు ముందేసుకుని కూర్చున్నాడు. ఏ మదర్‌బోర్డులో ఏ ప్రాసెసర్ కూర్చుంటుంది, ఆ రెండింటికీ ఏ మెమరీ నప్పుతుంది అని పెళ్లికి జాతకాలు చూసినంత శ్రద్ధగా చూశాడు. కంప్యూటర్ విడిభాగాలమ్మే పింటూ దుకాణంలో బోర్డు, ప్రాసెసర్ కొన్నాడు. మెమరీ దగ్గరికొచ్చేసరికి ఒళ్లు మండింది. ఆ బోర్డుకు రాంబస్ రకం తప్ప ఇంకోటి పట్టదు. దాని ధర వింటే గుండె జారింది.

సరిగ్గా అప్పుడే దబీర్‌పురాలోని ఆయన ఆఫీసులో కొత్త కంప్యూటర్ కొనాలనుకున్నారు. ఎలాంటిది కొనాలో రాసిచ్చే పని రాఘవరావుకే అప్పగించారు. తన ఇంటి బోర్డుకు పట్టే మెమరీనే ఆఫీసుకూ రాశాడు. సర్కారువారికి లోటు చేయకూడదని నాలుగు ముక్కలు రాశాడు. సరుకు వచ్చాక ఒక్కో ముక్క మీదున్న రేకు కప్పుపై తెల్ల ఇంకుతో పొట్టి సంతకం పెట్టి, అన్నీ సవ్యంగా ఉన్నాయని తేల్చాడు. తను కొట్టేయబోయే సరుకును ఇంత శ్రద్ధగా పరీక్షించిన ఉద్యోగి ఆ ఆఫీసులో అంతకుముందు లేడు.

ఆ మెమరీకో తిక్క ఉంది. జంటగా పెడితేనే పనిచేస్తుంది. పైగా బోర్డు మీద ఒక్క స్లాటు ఖాళీగా ఉన్నా మిషన్ లేవదు. ఖాళీ చోట, లోపల ఏమీ లేని డమ్మీ పలక గుచ్చాలి. రాఘవరావు పింటూ దగ్గరే రెండు డమ్మీలు కొన్నాడు. సంతకాల మనిషి కదా, వాటి మీదా చెరో చుక్క పెట్టుకున్నాడు. టిఫిన్ డబ్బాలో వేసుకుని, కరెంటు ఎప్పుడు పోతుందా అని కాచుకున్నాడు.

ఎండాకాలం కాబట్టి ఎక్కువ కాచుకోనక్కర్లేకపోయింది. మధ్యాహ్నం కరెంటు పోగానే అందరూ గాలి కోసం వరండాలోకి పోయారు. తెరలు మూసిన కంప్యూటర్ గది చిమ్మచీకటి. పెట్టె మరలు పొద్దున్నే వదులు చేసి ఉంచాడు. తడుముకుంటూ, కంగారుకంగారుగా చివరి రెండు స్లాట్లలోవి పీకి, తన డమ్మీలు గుచ్చి, పీకినవి డబ్బాలో పడేశాడు. కరెంటు వచ్చాక మిషన్ మామూలుగానే లేచింది. ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంటికెళ్లి డబ్బా తెరిచాడు. లోపల రెండు డమ్మీలు.

పెట్టినవే మళ్లీ తెచ్చుకున్నానా అని బుర్ర గోక్కున్నాడు. కాదు. వీటి మీద చుక్క లేదు. అంటే తనకన్నా ముందే ఎవడో అసలువి లాగేసి డమ్మీలు గుచ్చాడు! రాఘవరావుకు నిలువెల్లా మంటెత్తింది.

“చూశావా మైథిలీ, సర్కారు సొత్తుకు దిక్కు లేకుండా పోయింది! దొంగ వెధవలు!” అని భార్య ముందు అరిచాడు. ఆవిడ మొగుడి నిజాయితీకి మురిసిపోయి ఇంకో గరిటెడు పప్పు వడ్డించింది.

ఇది కంప్యూటర్ బిగించి వెళ్లిన సప్లయర్ పనే అని తేల్చుకున్నాడు. ఫిర్యాదు చేద్దామంటే, ఆ పెట్టెలో నీ చెయ్యి ఎందుకు దూరిందని అడుగుతారు.

మర్నాడు సూపరింటెండెంట్ వైకుంఠం పిలిచాడు. నుదుట నామం, నోట్లో తేనె.

“రాఘవరావుగారూ, రేపు తనిఖీ ఉంది. తీరా చూస్తే మిషన్‌లో సగం మెమరీ లేదండీ, డమ్మీలున్నాయి. పింటూని అడిగితే డమ్మీలు మీరే కొన్నారన్నాడు.”

“అంటే సార్... నేను పెట్టేసరికే...” మిగతా మాట గుటుక్కున మింగేశాడు.

“నేనేమన్నాను? పిల్లలు గలవారు మీరు. రేపు పొద్దున్నకల్లా నాలుగూ ఉంటే నేనేం చూడలేదు. లేకపోతే పోలీసులు చూస్తారు.”

రాఘవరావు కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత దేవుడులాంటి మనిషి అనుకున్నాడు.

సాయంత్రం ఆయాసపడుతూ పింటూ దుకాణంలో వాలాడు. “రాంబస్ జత కావాలి, ఎక్కడున్నా సరే!”

“మార్కెట్ల యాడ లేదు సార్. నా తాన ఒక్క జత ఉంది, ఒక పార్టీ పెట్టిపోయిండు. పైసలొద్దంట. మీరు కొన్న అసుంటి బోర్డు, ప్రాసెసర్ ఇస్తెనే ఇయ్యమన్నడు.”

రాఘవరావు ఇంటికి పరుగెత్తాడు. బోర్డు, ప్రాసెసర్ అట్టపెట్టెలతో సహా చంకన పెట్టుకున్నాడు. శ్రీవత్స వీధి చివరి దాకా ఏడుస్తూ వెంటపడ్డాడు. ఉద్యోగం పోయి లాకప్‌లో కూర్చోవడం కన్నా కొడుకు ఏడుపే నయమని వెనక్కి చూడకుండా నడిచాడు.

పింటూ పెట్టెలు తీసుకుని, ఓ కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. రాఘవరావు విప్పి చూశాడు. రెండు రేకు కప్పుల మీదా తెల్ల ఇంకు. తన పొట్టి సంతకం.

“పింటూ... ఇవి ఎవరిచ్చారు?”

“మీ వైకుంఠం సారే. ఆయనింట్ల బోర్డుకు గీ మెమరీ పట్టలేదంట, గందుకే మీ బోర్డు గావాలన్నడు. మరి మెమరీ లేకుంట గా బోర్డుతోని ఏం జేస్తరు సార్ అని అడిగిన. రేపటి తనిఖీ కానియ్యి అని నవ్విండు, ఇంకో రెండు డమ్మీలు కొనుక్కపోయిండు.”