లోపల తొమ్మిదిన్నర

"పదికి పది! ఇంతకన్నా మంచి మాట ఇంకేం కావాలి?" అంటూ ప్రచార విభాగం మేడమ్ పోస్టరును బల్ల మీద పరిచింది. నీలం రంగు మీద తెల్లటి రాజహంస, దాని పక్కన నిలువెత్తున 10.

కంప్యూటర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేయడం ఆ కంపెనీ పని. చిన్న మరమ్మతులు చేస్తే నంబరు పక్కన చుక్క పెట్టి 9.1, 9.2 అంటారు. పెద్ద మార్పు వస్తేనే అసలు నంబరు పెరుగుతుంది, దాంతోపాటు ఒక పక్షి పేరూ పెడతారు. పిచ్చుకతో మొదలై తొమ్మిదో వెర్షన్‌కి కొంగ దాకా వచ్చారు. పదోది రాజహంస. విడుదలకింకా పన్నెండు రోజులే ఉన్నాయి.

"పది వద్దు సార్," అంది బల్ల చివర కూర్చున్న టెస్టింగ్ మేడమ్.

గదిలో నలుగురూ ఒక్కసారే నిట్టూర్చారు. అంతా సవ్యంగా ఉందనుకున్న చోటే ఏదో ఒకటి పట్టుకొస్తుందని ఆఫీసులో ఆవిడకు తిరకాసు మేడమ్ అని పేరు. మొదట్లో చాటుగా అనేవారు. ఇప్పుడు ఎదురుగానే పిలుస్తున్నారు, ఆవిడా పలుకుతోంది.

"నంబరు కోసం పెట్టిన ఓటింగులో మీ తొమ్మిదిన్నర ఓడిపోయిందని ఇంకా అలకేనా?" పెద్దసారు నవ్వారు.

"అలక కాదు సార్. ఆసుపత్రుల్లో మందుల మిషన్లు ఆగిపోతాయి."

నవ్వులు ఆగాయి.

"డాక్టరు చీటీ ప్రకారం మాత్రలు లెక్కపెట్టి పొట్లం కడతాయే, ఆ మిషన్లు. మన సిస్టమ్ మీదే నడుస్తాయి. వాటిలో ఉన్న ప్రోగ్రామ్ ముందుగా మన వెర్షన్ నంబరు చూసుకుంటుంది. మూడుకన్నా తక్కువైతే, పాతదని చెప్పి పని చేయదు."

"పది మూడుకన్నా తక్కువా?"

"అది మొదటి అంకె ఒక్కటే చదువుతోంది సార్. పదిని ఒకటి అనుకుంటోంది."

పెద్దసారు ముందుకు వంగారు. "అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు? ఆ ప్రోగ్రామ్ మన దగ్గర లేదుగా."

"లేదు సార్. దాన్ని చేసిన కంపెనీ కూడా ఎప్పుడో మూతపడింది. అందుకే మిషన్ ఒకటి తెప్పించి చూశాను. తొమ్మిది అంటే నడిచింది, పది అంటే ఆగింది. ఇరవై అన్నా ఆగింది. తొంభై అంటే మళ్లీ నడిచింది."

"మన పరీక్షల జాబితాలో ఆ మిషనే లేదు. చూడమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. అనుమానమొచ్చింది."

ప్రచారం మేడమ్ పోస్టరును చుట్టచుట్టింది. "ఎవడు రాశాడో గానీ వాడికో దండం. రెండో అంకె చదవడానికి కూడా బద్ధకమేనా?"

"ఆ రోజు బుర్ర ఇంట్లో పెట్టి వచ్చుంటాడు," అన్నారు పెద్దసారు.

అందరూ నవ్వారు. తిరకాసు మేడమ్ చేతిలోని కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పింది.

"అలాంటి మిషన్లు ఎన్నున్నాయి?" అడిగారు పెద్దసారు.

"నాకు దొరికిన లెక్క నాలుగు వందల పైమాటే."

"కొత్త వెర్షన్ వేసుకోవద్దని ఆసుపత్రులకు చెప్పేస్తే పోలా?" అంది ప్రచారం మేడమ్.

"వేసుకోకపోతే భద్రతా మరమ్మతులు అందవు మేడమ్. వైరస్ చొరబడి ఎనిమిది మాత్రల చోట పద్దెనిమిది పడితే?"

ప్రచారం మేడమ్ చేతిలోని పోస్టరు చుట్టను చూసుకుంటూ అంది, "పోస్టర్లు అచ్చయిపోయాయి. ఇప్పుడు తొమ్మిదిన్నర అంటే జనం నవ్విపోతారు."

"మీ పోస్టరు మార్చక్కర్లేదు. మనుషులకు కనిపించే పేరు పది. ప్రోగ్రాములు అడిగినప్పుడు మాత్రం మన సిస్టమ్ 9.5 అని చెబుతుంది. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉండవూ? అలాగే."

"బయటికొకటి, లోపలొకటి!" ప్రచారం మేడమ్ మొహం విప్పారింది. "నా వయసు విషయంలో నేను చేసేదీ అదేగా!"

ఈసారి తిరకాసు మేడమ్ కూడా నవ్వింది. పెద్దసారు కాగితం అందుకుని సంతకం చేశారు.

తర్వాతి పదకొండు రోజులూ ఆవిడ ఆ మిషన్ పక్కనే బల్ల వేసుకుని పనిచేసింది. మాత్రల బదులు బఠాణీ గింజలు పోసి, పొట్లాలు కట్టించి, ఒక్కొక్కటీ విప్పి లెక్కపెట్టుకుంది. విడుదల రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏ ఆసుపత్రి నుంచీ ఫోను రాలేదు.

"విడుదల పత్రంలో మీ పేరు వేయిస్తున్నాను," అన్నారు పెద్దసారు. "లోపం కనిపెట్టినవారు అని, పెద్ద అక్షరాలతో."

"వద్దు సార్."

"అదేంటండీ? కష్టపడ్డది మీరు."

"వద్దు సార్, నా మాట వినండి. ఇంకేమడిగినా చేస్తాను."

"ఈ రోజుల్లో ఇంత అణకువా!" ప్రచారం మేడమ్ ఆవిడ భుజం తట్టింది. "ఇకనుంచి మిమ్మల్ని తిరకాసు అన్నవాళ్లతో నేను మాట్లాడను."

మర్నాడు ఆవిడ సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్లింది. మందుల కిటికీ ముందు వరుసలో నిలబడింది. ముందున్న ముసలాయన చీటీ ఇచ్చాడు. లోపల మాత్రలు గలగలమన్నాయి, పొట్లం జారి పళ్లెంలో పడింది. ఆయన దాన్ని జేబులో భద్రంగా పెట్టుకుని వెళ్లిపోయాడు.

"చీటీ ఇవ్వండమ్మా," అన్నాడు మందులాయన.

"చీటీ లేదండీ. మిషన్ బాగా నడుస్తోందో లేదో చూద్దామని వచ్చాను."

ఆయన వింతగా చూసి, మిషన్ మీద చెయ్యి వేశాడు. "దీనికేమమ్మా, ఇరవై ఏళ్లుగా ఒక్క మాత్ర తేడా రానివ్వలేదు. ఎవరు చేశారో గానీ, చల్లగా ఉండాలి."

ఆవిడ తలాడించి బయటికి వచ్చి, మెట్ల మీద కాసేపు కూర్చుంది.

ఆ ప్రోగ్రామ్ రాసింది ఆవిడే.