ప్లగ్గుతో పగ

స్పార్క్ ప్లగ్గులు మార్చాక నెలలోనే లెక్కల మాస్టారి కారు మూడోసారి షెడ్డుకొచ్చింది. మెకానిక్ అమ్మాయి ఒక ప్లగ్గు విప్పి వెలుతురులో పెట్టి చూసింది. నిప్పురవ్వ పుట్టాల్సిన సందు పూర్తిగా మూసుకుపోయి ఉంది.

"మాస్టారూ, దీన్ని సుత్తితో కొట్టారా?"

మాస్టారు గొంతు తగ్గించారు. "మెల్లగానే కొట్టానండీ."

"ప్లగ్గుతో మీకేం పగ? నన్ను చూడాలనుంటే ఊరికే రావచ్చుగా!"

ఆమె అదే నంబరు కొత్త ప్లగ్గు ఏరి, ముందు చేత్తో తిప్పి, ఆపైన స్పానరుతో పావు చుట్టు బిగించింది.

"మొదటిసారి మాత్రం నిజంగానే దారిలో ఆగిపోయిందండీ," అన్నారాయన ఉక్రోషంగా.

"తెలుసు," అందామె తలెత్తకుండా. "ప్లగ్గులు మార్చిన రోజు వైరు వదులుగా పెట్టి పంపింది నేనేగా."