కాదమ్మ ఓటు

మా కుట్టుపని సహకార సంఘంలో అందరూ యజమానులే, మనిషికో ఓటు. ఏ తీర్మానం పెట్టినా చేతులన్నీ ఒకవైపు లేస్తే, కాజాలు కుట్టే పెద్దావిడ చెయ్యి మాత్రం రెండోవైపు లేచేది. అందుకే ఆవిడకి కాదమ్మ అని పేరు పెట్టాం.

చవక దారం కొందామంటే ఆవిడ కాదంది. మేమంతా ఔనన్నాం, కొన్నాం. బడిపిల్లల నిక్కర్లు ఆటల పీరియడ్‌లోనే పిగిలిపోయాయి. లాభాల్లాగే తిట్లు కూడా సమానంగా పంచుకున్నాం.

అయినా నిన్నటి సమావేశంలో అధ్యక్షురాలు ఇస్త్రీ బల్ల చరిచి లేచింది.

"ఈవిడ ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తోంది. సంఘంలోంచి తీసేద్దాం. సరేనన్నవాళ్లు చేతులెత్తండి."

కాదమ్మ తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకుంటోంది. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆవిడ వెళ్లిపోతే ఇకమీదట కాదనాల్సింది మేమే. ఆ ఆలోచనకే చేతులు బరువెక్కాయి. సగం లేచిన అధ్యక్షురాలి చెయ్యి కూడా జుట్టు సవరించుకుని కిందికి దిగిపోయింది.

అప్పుడు ఒక్క చెయ్యి పైకి లేచింది. కాదమ్మది.

"అదేంటి పెద్దమ్మా, నిన్ను తీసెయ్యమని నువ్వే అంటావా?" అన్నాను.

"మీరంతా వద్దంటున్నారుగా. ఒక్కళ్లయినా రెండోవైపు ఉండొద్దూ?"

తీర్మానం వీగిపోయిందని అధ్యక్షురాలు గొణిగింది.

కాదమ్మ సూది జాకెట్టుకి గుచ్చుకుని, తన స్టూలు వైపు నడుస్తూ సణిగింది.

"ఈ సంఘంలో నా మాట ఎప్పుడు నెగ్గింది గనక."