పచ్చదీపం కింద కుర్చీ

దేశంలో ప్రతి ల్యాబు గుమ్మానికీ సమతాదీపం ఉండి తీరాలన్న చట్టం వచ్చాక, రీసెర్చి స్కాలరు సలోమికి సరిగ్గా ఆ దీపం కిందే కుర్చీ వేశారు. దళిత స్కాలరు దాని కెమెరాకు కనపడినంతసేపూ దీపం పచ్చగా వెలుగుతుంది. కనపడకపోతే ఎర్రబడి, క్యాంపసంతా వినపడేలా కూస్తుంది.

ప్రొఫెసర్ నరహరి రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి, గుండెల మీద చెయ్యేసుకుని సమానత్వ ప్రతిజ్ఞ చదివేవాడు. గొంతు గద్గదమయ్యేది కూడా. ఇక తనిఖీ రోజుల్లో ఈ ల్యాబు మూసేశాక పక్క ల్యాబువాళ్ళు వచ్చి, పెళ్ళింటికి గుండిగ అరువు పట్టుకెళ్ళినట్టు సలోమిని ఓ గంట పట్టుకెళ్ళేవాళ్ళు.

ఆమె తయారుచేసుకున్న స్లైడ్లు మాత్రం బీరువాలో మూలుగుతున్నాయి.

"ఇవాళైనా మైక్రోస్కోపు ఇప్పించండి సార్," అంది.

"అది లోపలి గదిలో ఉంది కదమ్మా. అక్కడికెళ్తే నువ్వు కెమెరాకి కనపడవు. ఇదంతా నీ కోసమే కదా, నువ్వే అర్థం చేసుకోకపోతే ఎలా?"

సలోమి లేచి, స్లైడు తీసుకుని లోపలి గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. బయట దీపం ఎర్రబడి కూత లంకించుకుంది. నరహరి తలుపు దబదబా బాదాడు.

"తనిఖీవాళ్ళు మెట్లెక్కుతున్నారు! నీకు పుణ్యముంటుంది, వచ్చి కూర్చో తల్లీ!"

"ఈ గదిలోనూ ఓ కెమెరా పెట్టించండి సార్," అంది సలోమి, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండా. "ఇక్కడే కనపడతాను."

"ఆ గదిలోనా?" నరహరి గొంతులో ప్రతిజ్ఞప్పుడు ఏనాడూ లేని నిజాయితీ పలికింది. "అది పనిచేసేవాళ్ళ గదమ్మా!"