కనుమ మీద చుక్క

"ఏడు రంగులేవే జిబెక్? నాకొక్క పసుప్పచ్చ గీతే కనపడుతోంది," అంది నానమ్మ, నేను బిష్కెక్ నుంచి తెచ్చిన, వెలుగును రంగులుగా విడదీసే గొట్టాన్ని కంటికి ఆనించుకుని.

"వంకరగా పట్టుకుని ఉంటావు. చుక్క వెలుగైతే అందులో రంగులన్నీ పరుచుకోవాలి."

"నాకు చోల్పోన్‌ని చూడ్డం నేర్పుతావుటే! కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆ సంజె చుక్కను చూసే గొర్రెల్ని దొడ్లోకి తోలుతున్నా."

ఇవాళా అలాగే తోలింది. కనుమ మీది చుక్కకేసి అరచేతులు చాచి, దీవెన చెప్పుకుని, మొహం తడుముకుంది.

నవ్వుతూ గొట్టం తీసుకున్నాను. నిజమే, ఒక్కటే గీత. చందమామ వైపు తిప్పాను. రంగులన్నీ వచ్చాయి. గొట్టం బాగానే ఉంది.

"నానమ్మా, అది చుక్క కాదు. పట్నంలో వీధిదీపాన్ని చూస్తే ఇలాంటి గీతే వస్తుంది."

"కనుమ మీద వీధేదే?"

గొట్టం దించి కనుమకేసి చూశాను. మా వాగుకు నీళ్ళిచ్చే మంచు మొత్తం ఆ కనుమ మీదే ఉంది.

"నిరుడొచ్చిన బంగారు గని వాళ్ళు మన గుడారంలోనే కూర్చున్నారు," అంది నానమ్మ నెమ్మదిగా. "రొట్టె చేత్తో పట్టుకుని ఒట్టేశారు, కనుమ జోలికి రామని."

"మరి చోల్పోన్ ఏదీ?"

"ఏమో. వారం రోజులుగా దీనికే చేతులు చాస్తున్నాను."

అంతలో ఆ వెలుగు పక్కనే ఇంకో చుక్క పొడిచింది.

ఈసారి నానమ్మ గొట్టం అడగలేదు.