నల్లదారం గుర్రం

షాపు షట్టరు దించి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద టైలరు చదరంగం పరిచాడు. అక్క మొగుడు పోయినప్పటి నుంచి అతనికిదే పని. బావతో ఆడిన ఆఖరి ఆటను మొదటి ఎత్తు నుంచి మళ్లీ వేసుకుంటూ, బావ గెలిచే దారి ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతాడు. ఒక్క ఆటైనా గెలవకుండానే పోయాడు పాపం. నల్ల గుర్రం ఒకటి ఎప్పుడో పోతే దాని చోట నల్లదారం రీలు పెట్టుకున్నారు. బావ అది గుర్రమన్న సంగతి మరిచిపోయి ప్రతిసారీ ఏనుగులా తిన్నగా జరిపేవాడు.

ఆట ఆగిన చోటికి వచ్చింది. ఎత్తు బావది. టైలరు మంచినీళ్లు తాగి వచ్చేసరికి రీలు మూడు గళ్లు ముందుంది. దాని వెనకాల దారం తిన్నగా పరుచుకుని ఉంది.

షట్టరు వైపు చూశాడు, దించే ఉంది. అయినా పాత మాటే నోటికొచ్చింది.

"అది గుర్రం, బావా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

దారం చుట్టి, రీలును వెనక్కి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఎత్తు వేసేటప్పుడు ఎవరైనా చూస్తుంటే బావకు చెయ్యి ఆడేది కాదు.

చెక్క మీద రీలు దొర్లింది. ఆగింది. ఆలోచించి, పక్కకు మళ్లింది.

కళ్లు తెరిచాడు. తెల్ల రాజుకు చెక్.

"ఇన్నాళ్లకు నేర్చుకున్నావయ్యా," అన్నాడు నవ్వుతూ.

రాజును జరపబోయి ఆగిపోయాడు. దారం కొస బల్ల అంచు దాటి ఎదుటి ఖాళీ కుర్చీ వైపు వెళ్లింది. కిందికి వేలాడటం లేదు. బిగుతుగా ఉంది.